పే స్లిప్పులో కనిపించని మనిషి

1913 జనవరి 16న మద్రాసు నుంచి కేంబ్రిడ్జికి ఒక ఉత్తరం బయల్దేరింది. రాసింది శ్రీనివాస రామానుజన్. ఎవరికంటే ట్రినిటీ కాలేజీలో పేరుమోసిన గణితవేత్త జి.హెచ్. హార్డీకి. గణిత చరిత్రలో అంత ప్రసిద్ధమైన ఉత్తరాలు అరుదు. అయినా దాని మొదటి వాక్యంలో గణితం ఊసే లేదు. మద్రాసు పోర్ట్ ట్రస్ట్ ఆఫీసులో, అకౌంట్స్ విభాగంలో, ఏడాదికి 20 పౌన్ల జీతం మీద పనిచేస్తున్న గుమాస్తానని రామానుజన్ తనను పరిచయం చేసుకున్నాడు. యూనివర్సిటీ చదువు లేదని కూడా ముందే చెప్పేశాడు. ఆ తర్వాత మొదలయ్యాయి సూత్రాలు, పేజీల తరబడి.

ముక్కూ మొహం తెలియని పెద్దమనిషికి రాసేటప్పుడు ఎవరైనా అలాగే మొదలుపెడతారు. ఊరు, ఉద్యోగం, జీతం చెప్పాక గానీ సొంత సంగతి ఎత్తరు. కాకపోతే రామానుజన్‌ను ఆ ఉత్తరం దాకా నడిపించిన మనుషుల వరస చూస్తే, వాళ్లెవరి ఉద్యోగానికీ గణితంతో సంబంధం లేదు.

1910లో రామానుజన్ ఉద్యోగం వెతుక్కుంటూ తిరుక్కోయిలూరు వెళ్లాడు. అక్కడ డిప్యూటీ కలెక్టర్ వి. రామస్వామి అయ్యర్. పగలంతా శిస్తులు, భూముల తగాదాలు, జమాబందీ లెక్కలు చూసుకునే ఈ రెవెన్యూ అధికారే 1907లో దేశంలోని గణిత ప్రియులను కూడగట్టి ఒక సంఘం పెట్టారు. అదే తర్వాత ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ అయింది. తన కచేరీలో చిన్న గుమాస్తా పని ఇప్పించమని వచ్చిన కుర్రవాడి నోటు పుస్తకాలు ఆయన తిరగేశారు. ఇలాంటివాణ్ని రెవెన్యూ శాఖలో అట్టడుగు మెట్టు మీద కూర్చోబెట్టి ఆ ప్రతిభను తొక్కేయడానికి మనసొప్పలేదని తర్వాత ఆయనే చెప్పారు. ఉద్యోగం ఇవ్వలేదు. సిఫారసు ఉత్తరాలిచ్చి మద్రాసు పంపారు.

అలా మాట మీద మాటగా రామానుజన్ చేరింది ఆర్. రామచంద్రరావు దగ్గరికి. ఆయన నెల్లూరు జిల్లా కలెక్టర్. ఆ గణిత సంఘానికి కార్యదర్శి కూడా. మొదట్లో ఆయనకు అనుమానమే, ఈ కుర్రవాడు నిజంగా మేధావా, మోసగాడా అని. నోటు పుస్తకాల్లో తనకు అందని సంగతులున్నాయని తేలాక సొంత డబ్బు నెలకు 25 రూపాయల చొప్పున పంపించారు. 1912 మార్చి 1న రామానుజన్ పోర్ట్ ట్రస్ట్‌లో చేరాడు. నెలకు 30 రూపాయలు. అక్కడ పై అధికారి ఎస్. నారాయణ అయ్యర్ కూడా గణితమంటే ప్రాణమిచ్చే మనిషే. పగలు ఆఫీసు చిట్టాలు సరిచూడటం, రాత్రయ్యాక పలకలు ముందేసుకుని ఇద్దరూ లెక్కల్లో మునగడం.

ఒక డిప్యూటీ కలెక్టరు, ఒక కలెక్టరు, ఒక అకౌంట్స్ అధికారి. ఈ ముగ్గురి సర్వీసు రిజిస్టర్లలో ఎక్కడ వెతికినా గణితం కనిపించదు. వాళ్లు తమ ఉద్యోగం మటుకే అయివుంటే, తిరుక్కోయిలూరులో ఆ నోటు పుస్తకం తెరిచినా అర్థమయ్యేది కాదు. రామానుజన్‌ను కనిపెట్టింది హార్డీ అని ప్రపంచం చెప్పుకుంటుంది. అంతకు ముందు కనిపెట్టింది మాత్రం ఈ ఖాళీ వేళల గణితజ్ఞులు.

మన దగ్గర రైల్లో ఎదురు బెర్తు మీద కూర్చున్నాయన టిఫిన్ పొట్లం విప్పేలోపే అడిగేది ఒకటే: "తమరు ఏం చేస్తుంటారు?" పెళ్లి భోజనాల దగ్గరైతే ప్రశ్న మారుతుంది: "అబ్బాయి ఎక్కడ చేస్తున్నాడు?" తర్వాత ప్యాకేజీ ఎంతో అడుగుతారు, ఆన్‌సైట్ వెళ్లాడో లేదో అడుగుతారు. ఆ అబ్బాయికి మృదంగమంటే ఇష్టమో, కొండలెక్కడం ఇష్టమో, పాత నాణేలు పోగేస్తాడో ఎవరికీ అక్కర్లేదు. ఎవరైనా అడిగినా "ఆ, ఏదో పిచ్చి లెండి" అని తల్లిదండ్రులే తేల్చేస్తారు. ఉద్యోగం అయిపోయినా హోదా వదలదు. ఇంటి గేటు పక్కన పాలరాతి పలక మీద పేరు, కింద "రిటైర్డ్ తహసీల్దార్" అనో "విశ్రాంత ప్రధానోపాధ్యాయులు" అనో ఉంటుంది. ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. వంశపారంపర్య గ్రామాధికారుల పదవులను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1984లో రద్దు చేసింది. అయినా చాలా ఊళ్లలో ఆ ఇళ్లు ఇప్పటికీ కరణం గారి ఇల్లు, మునసబు గారి ఇల్లు, తెలంగాణలో పట్వారీ ఇల్లు.

మనిషిని పనితో గుర్తుపెట్టుకోవడం అలవాటే కదా, అందులో తప్పేముందని అనిపించవచ్చు. కానీ ఈ దేశంలో ఆ అలవాటుకు చాలా పాత, చాలా కఠినమైన రూపం ఒకటుంది. అది కులం. కుండలు చేసే ఇంట పుట్టినవాడు కుండలే చేయాలి, చెప్పులు కుట్టే ఇంట పుట్టినవాడు చెప్పులే కుట్టాలి. వాడికి ఏమిష్టమని అడిగే ఆచారమే లేదు. 1936లో వెలువడిన 'కుల నిర్మూలన'లో అంబేడ్కర్ పట్టుకున్నది సరిగ్గా ఈ కీలకాన్నే. కులం పనిని పంచేది కాదు, పనివాళ్లను విడగొట్టేది అన్నారాయన. మనిషి సహజమైన అభిరుచితో, ఇష్టంతో దానికి నిమిత్తం లేదని కూడా అన్నారు. కాబట్టి "నాకు ఇష్టమైనదే నేను" అనడం తీరిక ఉన్నవాళ్ల ముచ్చట మాత్రమే అనుకుంటే పొరపాటు. తరతరాలుగా ఆ మాట అనే హక్కే లేని ఇళ్లు మన చుట్టూ కోకొల్లలు.

ఆడవాళ్ల విషయంలో ఈ ప్రశ్న ఇంకో రకంగా గుచ్చుకుంటుంది. "ఏం చేస్తుంటారమ్మా?" అంటే ఇంటిల్లిపాదికీ చాకిరీ చేసే మనిషి కూడా "ఏం లేదండీ, ఇంట్లోనే" అంటుంది. జీతం రాని పని పనే కాదని ఆమె చేతే అనిపిస్తుంది ఆ ప్రశ్న. భండారు అచ్చమాంబను ఎవరైనా అలా అడిగి ఉంటే ఆమె ఏం చెప్పి ఉండేదో! 1874లో పుట్టిన అచ్చమాంబ బడికి వెళ్లి చదివింది లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తానూ నేర్చుకుంది. 1902లో ఆమె రాసిన 'ధనత్రయోదశి' కథ గురజాడ 'దిద్దుబాటు' కంటే ఎనిమిదేళ్లు ముందుది. పేరున్న స్త్రీల జీవితాలను ఏర్చి కూర్చి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. మచిలీపట్నంలో స్త్రీ సమాజం పెట్టింది. 1905లో, ముప్పై దాటగానే కన్నుమూసింది. ఏ జీతాల పట్టీలోనూ ఆమె పేరు లేదు. ఆ తమ్ముడి పేరుంది. మునగాల సంస్థానానికి ఆయన దివాను. అయితే లక్ష్మణరావును తెలుగువాళ్లు దివానుగా తలుచుకోరు. విజ్ఞానచంద్రికా మండలి, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం అంటేనే ఆయన.

అలాంటి పేర్లు మనకు ఒకటీ రెండూ కావు. బళ్లారి కోర్టునే చూడండి. తెలుగు నాటకానికి ఆ ఒక్క ఊరి ప్లీడర్లు చేసినంత ఇంకెవరు చేశారు? ధర్మవరం రామకృష్ణమాచార్యులు వకీలు, కోలాచలం శ్రీనివాసరావు వకీలు. ఇద్దరూ నాటక రచయితలే, ఇద్దరూ పోటాపోటీగా నాటక సభలు పెట్టినవాళ్లే. రామకృష్ణమాచార్యుల మేనల్లుడు బళ్లారి రాఘవ కూడా వకీలే. పగలు కోర్టులో వాదించి, రాత్రి పఠాన్ రుస్తుం వేషం కట్టి జనాన్ని వణికించిన నటుడు. నాటకాలాడేవాళ్లంటే లోకం చిన్నచూపు చూసే రోజుల్లో నల్లకోటు పరువును పట్టించుకోకుండా మొహానికి రంగేసుకున్నాడు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టాడు. ఆయన గెలిచిన కేసులు ఇవాళ ఎవరికీ గుర్తులేవు.

వీళ్లందరిలోకీ కాళీపట్నం రామారావు కథ కాస్త నిదానంగా చెప్పుకోవాలి. 1924లో శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన ఆయన విశాఖపట్నం సెయింట్ ఆంథోనీస్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఒకటీ రెండేళ్లు కాదు, మూడు దశాబ్దాలు. రాసిన కథలు తక్కువే. వాటిలో 'యజ్ఞం' ఒక్కటి చాలు, తెలుగు కథ అనగానే ఆ పేరు రావడానికి. రాయడం తగ్గించేశాక ఆయన చేసిన పని ఇంకా విచిత్రమైనది. తన కథలు దాచుకోవడం కాదు, తెలుగులో అచ్చయిన ప్రతి కథనూ పోగేయాలని కూర్చున్నారు. పాత పత్రికల కట్టల కోసం ఊళ్లు తిరిగారు, ఉత్తరాలు రాశారు, తెలిసినవాళ్ల అటకలు వెతికించారు. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వస్తే ఆ సొమ్ము కూడా దానికే. 1997 ఫిబ్రవరిలో శ్రీకాకుళంలో ఆ కథల గ్రంథాలయం, కథానిలయం, తలుపులు తెరిచింది. ఎప్పుడో మూతపడ్డ వారపత్రికలో ఒక్క కథ రాసి ఊరుకున్న మనిషి పేరు కూడా అక్కడ దొరికే వీలుంది.

2021లో ఆయన పోయేదాకా, పోయాక కూడా, తెలుగువాళ్లకు ఆయన కారా మాస్టారే. ఉద్యోగం పేరు మనిషికి అతుక్కుందన్నమాటే గానీ, ఆ "మాస్టారు"లో లెక్కల పీరియడ్ ఎప్పుడో మాయమైపోయింది. కథ ఎలా రాయాలో కుర్రవాళ్లకు చెప్పిన మాస్టారు అనే అర్థమే మిగిలింది.

ఇష్టమైనదాని పేరు చెప్పి ఉద్యోగాన్ని తీసిపారేయడం ఇంకో రకం అన్యాయం. డాక్టర్ కేశవరెడ్డి నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో వైద్యుడు. చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టి, ఆ నేల మనుషులతో 'అతడు అడవిని జయించాడు', 'మునెమ్మ' లాంటి నవలలు రాశారు. ఒక ముసలివాడు, తప్పిపోయిన ఒక పంది, ఒక అడవి. అంతే, వాటితోనే నవల. సమాజం వెలేసిన రోగుల మధ్య పనిచేసిన వైద్యుడిని, సమాజం కన్నెత్తి చూడని బతుకులను రాసిన రచయితను ఏ గీత గీసి విడదీస్తాం? ఆయన విషయంలో ఏది ఉద్యోగం, ఏది ఇష్టం అని పేచీ పెట్టుకోవడం దండగ.

అలాగని ఈ మధ్య ఎక్కడ చూసినా వినిపించే సలహా ఒకటుంది: ఇష్టమైనదాన్నే ఉద్యోగం చేసుకో, ఇక జీవితంలో పనే ఉండదని. మోటివేషన్ క్లాసుల్లో దీనికి చప్పట్లు బాగా పడతాయి. 1973లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు లెప్పర్, గ్రీన్, నిస్బెట్ ప్రచురించిన ప్రయోగం చూస్తే చప్పట్లు కాస్త తగ్గవచ్చు. బొమ్మలు గీయడమంటే ఇష్టపడే నర్సరీ పిల్లలను తీసుకున్నారు. కొందరికి, బొమ్మ గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే ఆశపెట్టారు. కొందరికి ఏమీ చెప్పకుండా, గీశాక ఇచ్చారు. మిగిలినవాళ్లకు అసలు ఇవ్వలేదు. కొన్ని రోజుల తర్వాత రంగు పెన్నులు ఊరికే బల్ల మీద పెట్టి చూస్తే, ముందే ఆశపెట్టిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సేపే గీశారు. గమ్మత్తేమిటంటే, ముందు చెప్పకుండా బహుమతి అందుకున్న పిల్లల ఇష్టం తగ్గలేదు. ప్రతిఫలం దేనికోసమో ముందే ఒప్పందం కుదిరినప్పుడే ఆట కాస్తా పనైపోయింది.

ఇది అందరికీ వర్తించే సూత్రమేమీ కాదు. సి.వి. రామన్‌నే తీసుకోండి. విశాఖపట్నంలో చిన్ననాటి చదువు చదివిన ఈయన 1907లో ఆర్థిక శాఖలో చేరి కలకత్తా వెళ్లారు. అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్, అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. పొద్దున ఆఫీసుకు ముందు, సాయంత్రం ఆఫీసు తర్వాత బౌబజార్ వీధిలోని సైన్స్ సంస్థ ప్రయోగశాలలో గడిపేవారు. ఆ సంస్థను 1876లో పెట్టింది మహేంద్రలాల్ సర్కార్ అనే వైద్యుడు కావడం ఇక్కడ గమనించాలి. పదేళ్లు అలా నడిచాక 1917లో కలకత్తా యూనివర్సిటీ ప్రొఫెసర్ పదవి కోసం, తక్కువ జీతానికే, సర్కారు కొలువు వదిలేశారు. 1930లో నోబెల్ వచ్చింది. అమెరికన్ కవి వాలెస్ స్టీవెన్స్ సరిగ్గా దీనికి విరుద్ధం. హార్ట్‌ఫర్డ్‌లో ఒక బీమా కంపెనీకి వైస్ ప్రెసిడెంట్. ఆఫీసుకు నడుచుకుంటూ వెళ్తూ దారిలో కవిత్వం అల్లుకునేవాడు. హార్వర్డ్ యూనివర్సిటీ గౌరవ పీఠం ఇస్తామంటే, ఉద్యోగం మానుకోవాల్సి వస్తుందని వద్దన్నాడు. 1955లో పులిట్జర్ బహుమతి వచ్చేనాటికి కూడా ఆయన బీమా ఉద్యోగే. ఇద్దరిలో ఎవరిది సరైన దారి అంటే ఏం చెబుతాం? కవిత్వానికి సాయంకాలాలు సరిపోవచ్చు, ప్రయోగశాలకు చాలవు.

సాయంకాలం అనేది అసలు అందరికీ ఉంటుందా అన్నది వేరే ప్రశ్న. కారా మాస్టారి తరానికి బడి గంట కొట్టాక సాయంత్రం తమదే, రిటైరయ్యాక పెన్షన్ తమదే. పన్నెండు గంటల డ్యూటీ చేసే సెక్యూరిటీ గార్డుకు, రోజుకు ఇన్ని డెలివరీలని బండి మీద తిరిగే కుర్రవాడికి "నీకేది ఇష్టమో అదే నువ్వు" అని చెప్పడం తేలిక. ముందు పని గంటల సంగతి మాట్లాడాలి. మాదాపూర్ నుంచి ఇంటికి చేరేసరికి రాత్రి పదయ్యే సాఫ్ట్‌వేర్ ఇంజనీరుది కూడా కొంచెం అదే కష్టం, జీతంలో సున్నాలు ఎక్కువైనా సరే.

మరి ఉద్యోగమే పోతే? చేతినిండా సమయం దొరుకుతుంది కాబట్టి మనిషి తనకిష్టమైనవాటి వైపు మళ్లుతాడని లెక్క. ఆ లెక్క తప్పని చెప్పిన ఊరు ఒకటుంది. ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గర్లోని మారియెంటాల్. ఊరు ఊరంతా ఒక బట్టల మిల్లు మీద బతికేది. 1929-30లో మిల్లు మూతపడి దాదాపు అన్ని కుటుంబాలూ రోడ్డున పడ్డాయి. మేరీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అక్కడి జీవితాన్ని దగ్గరగా పరిశీలించి 1933లో పుస్తకం వేశారు. ఊళ్లో కార్మికుల గ్రంథాలయం ఉంది. చదువుకోవడానికి కావలసినంత తీరిక వచ్చింది, రుసుము కూడా తీసేశారు. అయినా పుస్తకాలు తీసుకెళ్లడం రెండేళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. పరిశోధకులు కిటికీలోంచి వీధిలో నడిచేవాళ్లను లెక్కపెట్టారు. మగవాళ్లలో సుమారు మూడింట రెండొంతుల మంది ఆ కాస్త దూరంలోనే రెండుసార్లో అంతకన్నా ఎక్కువసార్లో ఆగిపోయారు. వెళ్లాల్సిన చోటేమీ లేదు మరి. ఆడవాళ్లు మాత్రం చకచకా నడిచారు. వాళ్లకు మిల్లు పోయినా ఇంటి పని పోలేదు.

జీతంతో పాటు రోజుకు ఒక ఆకారం, నలుగురిలో ఒక చోటు కూడా ఉద్యోగమే ఇస్తుందని యహోడా తర్వాతి కాలంలో వివరించారు. అవి ఇంకెక్కడా లేని మనిషికి ఉద్యోగం పోయిన నాడు ఇష్టాలు వాటంతటవే మొలకెత్తవు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ప్యాట్రీషియా లిన్‌విల్ 1980లలో ఇదే విషయాన్ని ఇంకో కోణంలో చూశారు. తనను తాను ఒకే పాత్రతో కాక పలు పాత్రలతో చూసుకునే మనిషికి, ఒకచోట దెబ్బ తగిలినా మిగతా చోట్ల నిలదొక్కుకునే వీలుంటుందని ఆమె వాదన. తర్వాతి అధ్యయనాల్లో ఫలితాలు అంత స్పష్టంగా రాలేదు. ఊరికే పాత్రలు ఎక్కువైతే అవి బరువైనా కావచ్చు. కానీ లేఆఫ్ మెయిల్ వచ్చిన రోజున సాయంత్రం నాటకం రిహార్సల్‌కు వెళ్లాల్సిన మనిషికి, ఎక్కడికీ వెళ్లక్కర్లేని మనిషికి తేడా ఉంటుందని ఒప్పుకోవడానికి అధ్యయనాలు అక్కర్లేదు. రిహార్సల్ దగ్గర ఎదురుచూసే నలుగురిని మాత్రం ఉద్యోగం ఉన్నప్పుడే సంపాదించుకోవాలి.

ఇష్టానికీ ఉద్యోగానికీ మధ్య గీతను సర్కారే చెరిపేసిన ఉదంతం చండీగఢ్‌లో ఉంది. నేక్ చంద్ అక్కడి పబ్లిక్ వర్క్స్ శాఖలో రోడ్ ఇన్‌స్పెక్టర్. లె కార్బూజియే గీసిన ప్లాను ప్రకారం కొత్త నగరం లేస్తున్న రోజులవి. దానికోసం కూల్చిన ఊళ్ల శిథిలాలు ఎక్కడ పడితే అక్కడ గుట్టలుగా ఉండేవి. 1950ల చివర్లో నేక్ చంద్ ఆ చెత్త ఏరడం మొదలుపెట్టారు. విరిగిన గాజులు, పింగాణీ పెంకులు, పగిలిన వాష్‌బేసిన్లు, కరెంటు సామాన్లు సైకిల్ మీద వేసుకుని సుఖ్నా చెరువు దగ్గరి అడవిలోకి మోశారు. అక్కడ కట్టడాలు నిషేధం. అందుకే అంతా గుట్టుగా, డ్యూటీ అయ్యాక, రాత్రిళ్లు. దాదాపు పద్దెనిమిదేళ్లలో ఎకరాల కొద్దీ బొమ్మల లోకం తయారైంది. మనుషులు, కోతులు, నాట్యగత్తెలు, వరసలు వరసలుగా.

1970ల మధ్యలో అధికారుల కంటపడింది. చట్టం ప్రకారం కూల్చేయాలి. నగరవాసులు ఊరుకోలేదు. 1976లో దాన్ని రాక్ గార్డెన్‌గా ప్రజలకు తెరిచారు. అయితే ఒక చిక్కు వచ్చింది. ఈ మనిషిని ఏమని పిలవాలి? ప్రభుత్వ ఫైల్లో శిల్పి అనే పోస్టు లేదు, చెత్త ఏరుకునే ఇష్టం అనే పద్దు లేదు. చివరికి ఒక హోదా సృష్టించారు: సబ్ డివిజనల్ ఇంజనీర్, రాక్ గార్డెన్. దాంతో పాటు జీతం, 50 మంది కూలీలు. 1984లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఆ తర్వాత కొన్నేళ్లకు అదే తోటలోంచి రోడ్డు వేస్తామని బుల్డోజర్లు వస్తే, జనం మానవహారంగా నిలబడి వెనక్కి పంపారు. 2015లో, తొంభై ఏళ్లు దాటాక నేక్ చంద్ చనిపోయారు. తోట చూడటానికి టికెట్ కొనుక్కుని వచ్చేవాళ్లలో ఆయన రోడ్ల శాఖలో ఏ పని చేసేవాడో తెలిసినవాళ్లు తక్కువే.